బండి కాదు, ఇల్లు తోలుకెళ్తున్నారు

ప్రశ్న: మాది కాకినాడ. నాకు 46 ఏళ్లు. పదిహేనేళ్లుగా కారు నడుపుతున్నాను, ఇప్పుడు ఇన్నోవా క్రిస్టా ఉంది. ఈ వేసవి సెలవుల్లో నేను, నా భార్య, 14 ఏళ్ల బాబు, 9 ఏళ్ల పాప, 68 ఏళ్ల మా అమ్మ కలిసి న్యూజిలాండ్ వెళ్లాలనుకుంటున్నాం. ఇంతవరకు మాలో ఎవరం దేశం దాటలేదు. హోటళ్లు వద్దు, మోటర్‌హోమ్ కావాలని పిల్లల పట్టు. ఏప్రిల్ 25 ఉదయం ఆక్లాండ్‌లో దిగి, వెంటనే బండి తీసుకుని, రెండు దీవులూ చుట్టేసి, కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపాయ మిల్‌ఫర్డ్ సౌండ్ చూసుకుని 14 రోజుల్లో మళ్లీ ఆక్లాండ్ చేరాలని ప్లాన్. వంట, పడక అన్నీ బండిలోనే కాబట్టి రాత్రికి ఎక్కడ నచ్చితే అక్కడ ఆపుకోవచ్చు కదా? అమ్మ మాత్రం "నేను రాను, మీరు వెళ్లిరండి" అంటోంది. ఆవిణ్ణి ఎలా ఒప్పించాలి?

సమాధానం: మీ ఉత్తరంలో నేను ఎర్రసిరాతో గీత గీసిన మాట "వెంటనే". విమానం దిగిన వెంటనే ఏడు మీటర్ల బండి చేతికి తీసుకోవద్దు. హైదరాబాదు నుంచి సింగపూరులో విమానం మారి వెళ్లేసరికి ఒక పగలూ రాత్రీ కరిగిపోతాయి. ఏప్రిల్ ఆఖర్లో న్యూజిలాండ్ గడియారం మనకంటే ఆరున్నర గంటలు ముందుంటుంది. అక్కడ మీరు ఉదయం 8కి స్టీరింగ్ పట్టుకుంటే, మీ ఒంటికి అది రాత్రి ఒంటిగంటన్నర. కాకినాడలో ఆ వేళప్పుడు మీరు అన్నవరం దాకా కూడా నడపరు కదా.

పైగా ఏప్రిల్ 25 అక్కడ అన్జాక్ డే. 1915లో టర్కీలోని గల్లిపోలిలో చనిపోయిన సైనికులను తలుచుకునే రోజు. చట్టప్రకారం దుకాణాలు చాలామటుకు మధ్యాహ్నం ఒంటిగంట దాకా తెరవరు. అద్దె బండ్ల ఆఫీసు ఆ రోజు తెరుస్తుందో లేదో, తెరిస్తే సెలవు రోజు అదనపు రుసుము వేస్తుందో ముందే ఉత్తరం రాసి కనుక్కోండి. నన్నడిగితే 25న ఏదైనా చిన్న హోటల్లో పడి నిద్రపోండి. 26 ఉదయం బండి తీసుకోండి. దానికి రెండు గంటలు కేటాయించండి. నీళ్లు ఎక్కడ నింపాలి, గ్యాసు ఎక్కడ కట్టాలి, మురుగు ఎక్కడ వదలాలి అని అక్కడి మనిషి గబగబా చెప్పుకుపోతాడు. మీ అబ్బాయికి ఫోను ఇచ్చి మొత్తం వీడియో తీయించండి. ఆ రాత్రి హీటరు వెలగనప్పుడు పనికొచ్చేది ఆ వీడియోయే.

ఇక ప్లాను. ఆక్లాండ్ నుంచి వెల్లింగ్టన్ దాదాపు 650 కిలోమీటర్లు. అక్కడ ఓడలో బండి ఎక్కించి కుక్ జలసంధి దాటడానికి మూడున్నర గంటలు. అవతల పిక్టన్ నుంచి క్రైస్ట్‌చర్చ్ 340, అక్కణ్ణించి క్వీన్స్‌టౌన్ 480, మళ్లీ మిల్‌ఫర్డ్ దాకా ఇంకో 290. వెళ్లడానికే 1,750 దాటింది. రానూపోనూ 3,500. రోజుకు 250 కిలోమీటర్లే కదా అనిపిస్తుంది. మన హైవే మీద ఇన్నోవాలో అది మూడున్నర గంటల పని. అక్కడ కొండ మలుపుల్లో మోటర్‌హోమ్ సగటున గంటకు 60 వెళ్తే గొప్ప. మధ్యలో అమ్మగారికి ఆగాలి, ఫొటోలకు ఆగాలి, సరుకులకు ఆగాలి. మే మొదటివారంలో దక్షిణ దీవిలో తెల్లవారేది ఏడు దాటాక, అయిదున్నరకల్లా పొద్దుగూకుతుంది. కొత్త రోడ్ల మీద, కొత్త బండితో చీకట్లో నడపకూడదు అన్నది నేను పెట్టుకున్న నియమం. మీరూ పెట్టుకోండి. ఇవన్నీ తీసేస్తే మీ చేతికి మిగిలేది రోజుకు రెండు మూడు గంటల డ్రైవింగే.

కాబట్టి ఉత్తర దీవిని ఈసారికి వదిలేయండి. బాధగానే ఉంటుంది. మొదటిసారి మేమూ ఇలాగే రెండు దీవులూ రాసుకుని బయల్దేరాం. నేను, మావారు, మా ఆడపడుచు. తొమ్మిదో రోజుకి ముగ్గురం మాట్లాడుకోవడం మానేశాం. రెండోసారి ఒక్క దక్షిణ దీవే తిరిగాం, అదే గుర్తుండిపోయింది. మోటర్‌హోమ్ అంటే పడకలున్న కారని మనం అనుకుంటాం. కాదు, అది చక్రాలున్న ఇల్లు. ఇల్లు కదిలించాలంటే గిన్నెలు సర్దాలి, కేబులు పీకాలి, కిటికీలు బిగించాలి, పక్కలు మడవాలి. అయిదుగురికి పొద్దున్నే గంటన్నర పని. రోజూ ఇల్లు మారితే ఎవరికి సుఖం? ఒకచోట ఆగితే కనీసం రెండు రాత్రులు ఉండండి.

ఆక్లాండ్ టికెట్లు కొనేసి ఉంటే అక్కణ్ణించి దేశంలోపలి విమానంలో క్రైస్ట్‌చర్చ్ వెళ్లండి, కొనకపోతే నేరుగా క్రైస్ట్‌చర్చ్‌కే తీసుకోండి. బండిని అక్కడే తీసుకుని అక్కడే అప్పగిస్తే ఒకవైపు రుసుము కూడా తప్పుతుంది. తొలిరోజు జెరాల్డీన్ దాటి వెళ్లొద్దు, రెండు గంటల దారి, బండి చేతికి అలవాటయ్యేంత మాత్రమే. తర్వాత టెకాపో సరస్సు దగ్గర రెండు రాత్రులు. ఆ చుట్టుపక్కల ఆకాశాన్ని 2012లో అంతర్జాతీయ డార్క్ స్కై రిజర్వుగా ప్రకటించారు, వీధిదీపాలు కూడా కిందికి మాత్రమే వెలుగుతాయి. మన త్రిశంకు నక్షత్రాలు కాకినాడ బీచిలో దక్షిణాన సముద్రానికి కాస్త పైన కనబడతాయి, మబ్బులూ లైట్లూ లేకపోతే. టెకాపోలో మే రాత్రి తొమ్మిది పదింటికి అవే దాదాపు నడినెత్తిన ఉంటాయి. అగస్త్య నక్షత్రం అక్కడ అసలు అస్తమించనే అస్తమించదు. వింధ్య దాటి దక్షిణానికి వెళ్లిన ముని ఎక్కడ స్థిరపడ్డాడో అమ్మగారికి చూపించొచ్చు.

అక్కణ్ణించి ట్వైజెల్‌లో మకాం పెట్టి పుకాకీ సరస్సు గట్టునే అవోరాకి, అంటే మౌంట్ కుక్ దగ్గరికి వెళ్లిరండి. 3,724 మీటర్లు, దేశంలో అన్నిటికంటే ఎత్తయిన శిఖరం. ఎడ్మండ్ హిల్లరీ ఎవరెస్టుకు ముందు సాధన చేసిన కొండలు అవే. సరుకులు ట్వైజెల్‌లోనే కొనుక్కోండి, పైన ఊళ్లో పెద్దగా దొరకవు. తర్వాత వానాకా, క్వీన్స్‌టౌన్. ఈ రెండింటి మధ్య జీపీఎస్ మీకు క్రౌన్ రేంజ్ అనే దగ్గరి దారి చూపిస్తుంది. దాని మాట వినొద్దు. 1,076 మీటర్లు ఎక్కి దిగే రోడ్డది, క్వీన్స్‌టౌన్ వైపు దిగేచోట హెయిర్‌పిన్ మలుపులు. క్రామ్‌వెల్ మీదుగా వెళ్తే 50 కిలోమీటర్లు ఎక్కువైనా నది వెంట హాయిగా పోవచ్చు. ఊరి మొదట్లో పెద్ద పండ్ల బొమ్మలు నిలబెట్టి ఉంటాయి, తోటల నుంచి కొత్త ఆపిల్ పండ్లు దొరుకుతాయి. తర్వాత టె ఆనావులో మూడు రాత్రులు, తిరుగుదారిలో డునెడిన్, మొయెరాకి బీచిలో గుండ్రటి బండరాళ్లు, ఓమరూలో చీకటి పడ్డాక సముద్రంలోంచి గట్టెక్కే చిట్టి పెంగ్విన్లు. మొత్తం కలిపి 1,700 కిలోమీటర్లు. మీ లెక్కలో సగం.

డ్రైవింగ్ సంగతి. అక్కడా మనలాగే ఎడమవైపు నడపాలి, స్టీరింగు కుడివైపే. అమెరికా వెళ్లినవాళ్లు పడే తంటా మీకు లేదు. అయితే ఆ ధీమాలోనే ఒక ప్రమాదం ఉంది. అన్నీ మనలాగే కనబడతాయి కాబట్టి అలవాట్లు కూడా మనతోపాటే వచ్చేస్తాయి. రౌండెబౌట్‌లో కుడివైపు నుంచి వచ్చేవాడికి దారి ఇచ్చి తీరాలి, ముక్కు దూర్చి వెళ్లడం కుదరదు. స్టాప్ అని రాసి ఉంటే రోడ్డు ఖాళీగా ఉన్నా చక్రాలు పూర్తిగా ఆగాలి. హారన్ కొడితే తిట్టినట్టు లెక్క. దక్షిణ దీవిలో ఒకే వరస వంతెనలు చాలా ఉంటాయి. ముందు బోర్డు మీద రెండు బాణాలు గీసి ఉంటాయి. మీ వైపు బాణం పెద్దదైతే ముందు మీరు వెళ్లొచ్చు, చిన్నదిగా ఎర్రగా ఉంటే ఆగి ఎదుటివాణ్ణి రానివ్వాలి. మన ఊళ్లలో లాగా లైటు ముందు వేసినవాడిదే వంతెన కాదు.

మీ ఇన్నోవా పొడవు 4.7 మీటర్లు, వెడల్పు 1.8. ఆరు పడకల మోటర్‌హోమ్ ఏడు మీటర్లు దాటుతుంది, వెడల్పు 2.3, ఎత్తు మూడు మీటర్ల పైన. ఆ ఎత్తు అంకెను కాగితం మీద రాసి స్టీరింగ్ ఎదురుగా అతికించండి. పెట్రోలు బంకు కప్పు, పార్కింగ్ అడ్డకర్ర, చెట్టు కొమ్మ, ఇవే బండి నెత్తి పగలగొట్టేవి. చాలా కంపెనీల మామూలు బీమా ఈ పైభాగం దెబ్బల్ని, అడుగుభాగం దెబ్బల్ని లెక్కలోకి తీసుకోదు. వెనక చక్రాల తర్వాత కూడా చాలా బాడీ ఉంటుంది. మీరు కుడికి తిప్పితే ఆ తోక ఎడమకు ఊగి పక్కనున్న స్తంభాన్ని కొడుతుంది. రివర్స్ తీసేటప్పుడు కెమెరా ఉన్నా సరే ఒకరు దిగి వెనక నిలబడాలి. మొదటి రెండు రోజులు కొత్త డ్రైవర్లందరూ తెలియకుండానే ఎడమ అంచుకు జరిగిపోతారు, ఎడమ అద్దంలో తెల్లగీత చూస్తూ ఉండమని పక్కసీటులో మీ ఆవిడకు చెప్పండి.

బయటి రోడ్ల మీద పరిమితి గంటకు 100. మీ బండి మొత్తం బరువు మూడున్నర టన్నులు దాటితే 90 మాత్రమే. వెనక నాలుగు కార్లు పోగయ్యాయంటే, ఖాళీ చోటు రాగానే పక్కకు తీసి పోనివ్వండి. అది మర్యాదా, నియమమూ కూడా. నడుస్తున్నప్పుడు అందరూ బెల్టు ఉన్న సీట్లలో కూర్చోవాల్సిందే. పిల్లలు వెనక మంచం మీద పడుకుని సినిమా చూస్తూ వస్తామంటే ఒప్పుకోకండి. మీ పాపకు ఏడు నిండాయి కాబట్టి చట్టం ప్రకారం చైల్డ్ సీటు అక్కర్లేదు గానీ, ఎత్తు 148 సెంటీమీటర్లు లేకపోతే బూస్టర్ అడిగి తీసుకోండి.

గాలి గురించి ఎవరూ చెప్పరు, నేను చెబుతాను. క్రైస్ట్‌చర్చ్ చుట్టూ ఉన్న కాంటర్‌బరీ మైదానాల్లో వాయవ్యం నుంచి ఒక పొడిగాలి కొడుతుంది. డోరు తెరిచారంటే చేతిలోంచి లాక్కుపోయి కీళ్లు విరిచేస్తుంది. ఎప్పుడూ గాలికి ఎదురుగా ముక్కు పెట్టి ఆపండి, రెండు తలుపులు ఒకేసారి తెరవకండి. ఈ పాఠం మావారికి కొన్ని వందల డాలర్లు పడింది.

కాగితాల సంగతి క్లుప్తంగా. అందరికీ విజిటర్ వీసా కావాలి, ముందే పెట్టుకోండి. మీ లైసెన్సు కార్డు ఇంగ్లీషులో ఉంటే అక్కడ చెల్లుతుంది. అయినా ఆర్‌టీఓ ఆఫీసులో ఏడాది చెల్లే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుంటే అద్దెవాళ్లతో వాదన ఉండదు. అసలు కార్డు జేబులో ఉండాలి, డిజిలాకర్‌లో చూపిస్తానంటే కుదరదు. బండికి డిపాజిట్‌గా వేల డాలర్లు మీ పేరున్న క్రెడిట్ కార్డు మీద ఆపి ఉంచుతారు. బయల్దేరేముందే బ్యాంకుకు వెళ్లి పరిమితి పెంచుకుని, విదేశీ వాడకం తెరిపించుకోండి. రోజువారీ కట్టి ఆ బాధ్యతను తగ్గించుకునే బీమా ఉంటుంది. మామూలుగా నేను ఇలాంటివి వద్దంటాను, మొదటిసారి నడిపేవాళ్లకు మాత్రం తీసుకోమంటాను. డీజిలు బండి అయితే తిరిగిన కిలోమీటర్లకు రోడ్ యూజర్ ఛార్జీ అని విడిగా ఉంటుంది, అది అద్దెలో కలిసిందా లేదా అడగండి.

"ఎక్కడ నచ్చితే అక్కడ ఆపుకోవచ్చు కదా" అన్నారు. లేదండీ. ఒకప్పుడు కొంతవరకు అలా నడిచింది. జనం ఎక్కువై, సరస్సు గట్లన్నీ పాడుచేసేసరికి 2011లో ఫ్రీడమ్ క్యాంపింగ్ చట్టం తెచ్చారు, 2023లో ఇంకా బిగించారు. ఇప్పుడు స్థానిక మండలి స్థలాల్లో బండిలో పడుకోవాలంటే, బండిలో కదలకుండా బిగించిన టాయిలెట్ ఉండాలి, దానికి సర్టిఫికెట్ ఉండాలి. అన్నీ ఉన్నా ఆ మండలి అనుమతించిన చోటే ఆగాలి. పొద్దున్నే తలుపు తట్టి చేతిలో జరిమానా కాగితం పెడతారు. మీకు మిగిలేవి రెండు దారులు. ఒకటి డాక్ అని పిలిచే ప్రకృతి పరిరక్షణ శాఖ వారి క్యాంపులు. చౌక, దృశ్యం అద్భుతం, చాలాచోట్ల కరెంటూ వేణ్ణీళ్లూ ఉండవు. రెండోది హాలిడే పార్కులు. కరెంటు ప్లగ్గు, వేడి స్నానాలు, పెద్ద ఉమ్మడి వంటిల్లు, వాషింగ్ మెషీను, మురుగు వదిలే డంప్ స్టేషను. ఆ కాలంలో టెకాపో, ట్వైజెల్ రాత్రులు సున్నా దాకా దిగుతాయి. కాకినాడలో అప్పుడు 38. పెద్దావిడ, పిల్లలు ఉన్నారు కాబట్టి హాలిడే పార్కుల్లో పవర్డ్ సైటే, అంటే కరెంటు ప్లగ్గున్న స్థలమే తీసుకోండి. కావాలంటే ఒక్క రాత్రి మౌంట్ కుక్ కింద వైట్ హార్స్ హిల్ క్యాంపులో కరెంటు లేకుండా ఉండి చూడండి, అదీ మబ్బు లేని రోజైతేనే.

ఇప్పుడు బండిలో కాపురం. ప్లగ్గు పెట్టనంతసేపూ ఇల్లు 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తుంది. లైట్లు, నీళ్ల పంపు, ఫ్రిజ్ వరకే దాని సత్తా. మిక్సీ, రైస్ కుక్కర్, గోడ ప్లగ్గులు పార్కులో కేబులు తగిలించాకే పనిచేస్తాయి. వోల్టేజి మనలాగే 230 కాబట్టి మన మిక్సీ వాడొచ్చు, ప్లగ్గు పిన్నులు మాత్రం ఏటవాలుగా ఉంటాయి, అడాప్టర్ కొనుక్కోండి. హీటరు, కెటిలు, మైక్రోవేవు మూడూ ఒకేసారి వేస్తే ఫ్యూజు పోయి అందరూ చలిలో చీకట్లో కూర్చుంటారు.

పోపు మాత్రం బండిలో పెట్టకండి. మొదటి సాయంత్రం మేం చారు కాచుకుందామని ఎండుమిర్చి వేయగానే పొగ అలారం మొదలైంది. ఆపడం ఎలాగో తెలీదు. పార్కులో సగంమంది పైజామాల్లో బయటికొచ్చారు. పైగా ఇంగువ వాసన పరుపులకు పడితే వదలదు, శుభ్రం చేసే ఖర్చు మీ ఖాతాలో వేస్తారు. బండిలో అన్నం, కాఫీ వరకే. పోపులూ వేపుళ్లూ ఉమ్మడి వంటింట్లో. అక్కడ స్టవ్‌లు పెద్దవి, ఎగ్జాస్టు ఉంటుంది, పక్కనే జర్మనీ నుంచి వచ్చినవాళ్లు మీ మూకుడులోకి తొంగిచూస్తూ ఉంటారు. చిన్న ప్రెషర్ కుక్కరు మాత్రం తప్పకుండా పట్టుకెళ్లండి.

బయల్దేరే ముందు ప్రతి డ్రాయరూ క్లిక్‌మనేదాకా మూయండి. మేం మొదటి రౌండెబౌట్‌లో తిరగ్గానే కందిపప్పు డబ్బా పైనుంచి పడి నేలంతా పరుచుకుంది. బండి తిరిగి ఇచ్చే రోజున కూడా సీటు కింద పప్పు దొరుకుతూనే ఉంది. గ్యాసు కట్టడం, పైకప్పు కిటికీ మూయడం, కరెంటు కేబులు పీకడం, మెట్టు లోపలికి తీయడం, ఈ నాలుగూ మీ అబ్బాయి పని అనండి. పద్నాలుగేళ్లవాడికి అధికారం ఇస్తే మనకంటే నిక్కచ్చిగా చేస్తాడు.

టాయిలెట్ గురించి మీరు అడగలేదు, మొహమాటపడి ఉంటారు. బండిలో టాయిలెట్ కింద క్యాసెట్ అని సూట్‌కేసు లాంటి పెట్టె ఉంటుంది, 20 లీటర్ల లోపే పడుతుంది. వాళ్లు కాగితం వాడతారు కాబట్టి వాళ్లకు రెండు మూడు రోజులు వస్తుంది. మనం మగ్గుతో నీళ్లు వాడతాం, అయిదుగురం. ఒక్కరోజులో నిండిపోతుంది. నిండిన పెట్టెను బయటనుంచి లాగి, మోసుకెళ్లి, డంప్ స్టేషన్లో ఒంపి, కడిగి, మందు వేసి మళ్లీ పెట్టాలి. ఆ పని ఇంటి యజమాని చేయాలి, అంటే మీరు. పగలంతా దారిలో వచ్చే పబ్లిక్ టాయిలెట్లు వాడండి. ఊరూరా ఉంటాయి, ఉచితం, శుభ్రంగా ఉంటాయి. ఉదయం, రాత్రి పార్కువి. బండిలోది అర్ధరాత్రి అవసరానికి మాత్రమే అని ఇంట్లో తీర్మానం చేసుకుంటే రోజు మార్చి రోజు ఒంపితే చాలు. వాడిన నీళ్ల ట్యాంకు కూడా అక్కడే వదలాలి, రోడ్డు పక్కన కాదు. తాగేనీళ్లు నింపే గొట్టం వేరు, మురుగు కడిగే గొట్టం వేరు. పొరపాటు పడొద్దు.

ఏప్రిల్ ఆఖరంటే ఇంట్లో కొత్తావకాయ పెట్టే రోజులు, అమ్మగారు ఒక జాడీ సర్దేస్తారని నాకు తెలుసు. న్యూజిలాండ్ వాళ్లకు బయటి పురుగు, విత్తనం, మట్టి అంటే మహాభయం, వాళ్ల పంటలూ అడవులూ దాని మీద ఆధారపడ్డాయి. ప్రయాణానికి ముందు 24 గంటల్లో ఆన్‌లైన్లో డిక్లరేషన్ నింపాలి, డబ్బు కట్టక్కర్లేదు. తిండి పదార్థం ఏదున్నా ఉందని రాయండి. రాసి చూపిస్తే ఆఫీసరు మహా అయితే తీసి పారేస్తాడు. రాయకుండా దొరికితే అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా. పచ్చి కరివేపాకు, పండ్లు, తేనె అసలు వద్దు, తేనెతో చేసిన లేహ్యాలు కూడా. పచ్చళ్లు, పొడులు సీలు వేసిన కంపెనీ ప్యాకెట్లలో, పేర్లు ఇంగ్లీషులో ఉన్నవైతే వాళ్లకు అర్థమవుతాయి. పాత బూట్ల అడుగున మట్టి లేకుండా కడిగి పెట్టుకోండి, అది కూడా చూస్తారు. ఇంటి జాడీ ఇంట్లోనే ఉండనివ్వండి, క్రైస్ట్‌చర్చ్‌లో ఇండియన్ దుకాణాలున్నాయి.

మిల్‌ఫర్డ్. అందరి కలా అదే, మీదీ అదే. టె ఆనావు నుంచి 118 కిలోమీటర్లు. చివర్లో హోమర్ సొరంగం, 1954లో తెరిచారు, 1.2 కిలోమీటర్ల పొడవు, లోపల రోడ్డు సముద్రంవైపు బాగా వాలుగా దిగుతుంది. మే నుంచి నవంబరు దాకా ఆ దారిలో మంచుచరియల భయం ఉంటుంది. బోర్డు పెట్టిన రోజు చక్రాలకు గొలుసులు వెంట లేకపోతే పంపరు. కాకినాడ మనిషి జీవితంలో మొదటిసారి మంచులో టైరుకు గొలుసు కట్టే చోటు అది కాకూడదు. ఇల్లు టె ఆనావు పార్కులో వదిలేసి, అక్కణ్ణించి బస్సూ పడవా కలిపిన టూరు తీసుకోండి. డబ్బు కాస్త ఎక్కువే. మీరు కూడా కిటికీలోంచి కొండలు చూడగలిగే రోజు ఈ రెండువారాల్లో అదొక్కటే. అక్కడ ఏడాదికి ఆరు వేల మిల్లీమీటర్ల పైన వాన పడుతుంది, మన కాకినాడలో పడేదానికి అయిదారు రెట్లు. వాన పడితే యాత్ర పాడైందని దిగులుపడకండి, వాన పడినప్పుడే ఆ నల్లటి రాతిగోడల మీద వందల జలపాతాలు పుడతాయి. అందుకే టె ఆనావులో మూడు రాత్రులు పెట్టాను, దారి మూసేస్తే మర్నాడు వెళ్లొచ్చు.

అక్కడ శాండ్‌ఫ్లై అనే చిన్న నల్లీగలు కుట్టి చంపుతాయి. ఇంత అందమైన చోట మనుషులు మకాం వేసేయకుండా మృత్యుదేవత హినె-నుయి-టె-పొ వాటిని వదిలిందని అక్కడి మూలవాసులు మావోరీలు చెప్పుకుంటారు. పొడుగు చేతుల చొక్కా, పూత మందు చాలు. కియా అని పచ్చటి కొండచిలకలు కనబడతాయి. తెలివి ఎక్కువ, సిగ్గు తక్కువ. బండి రబ్బరు పట్టీలు పీకేస్తాయి. పిల్లలు ముచ్చటపడి బిస్కెట్టు పెడతారేమో, పెట్టనివ్వకండి. మనుషుల తిండి వాటికి చేటు.

జబ్బు చేస్తే ఏంటన్నది మీరు రాయలేదు గానీ అమ్మగారి వయసును బట్టి చెప్పాలి. అక్కడ ప్రమాదంలో దెబ్బ తగిలితే ఏసీసీ అనే ప్రభుత్వ పథకం పర్యాటకుల చికిత్సలో కూడా చాలామటుకు భరిస్తుంది. గుండెనొప్పి, జ్వరం, షుగరు లాంటి జబ్బులకు అది వర్తించదు. కాబట్టి ఆవిడకున్న పాత జబ్బులన్నీ దాచకుండా రాసి ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి. మందులు చీటీతో సహా, మూడు నెలలకు మించకుండా, అసలు డబ్బాల్లో. అత్యవసరానికి 111.

ఇక అమ్మగారు. ఎలా ఒప్పించాలి అని అడిగారు. ఎందుకు రానంటున్నారో అడిగారా? మా అత్తగారు కూడా ఇలాగే "మీరు వెళ్లిరండి" అన్నారు. చలికి భయపడుతున్నారని నేను, ఖర్చుకి వెనకాడుతున్నారని మావారు అనుకున్నాం. కాదు. వంటగట్టుకు మూడడుగుల దూరంలో టాయిలెట్ ఉన్న ఇంట్లో ఆవిడ మంచినీళ్లు కూడా ముట్టరట. కొడుకూ కోడలూ పడుకున్న చోటికి నాలుగడుగుల్లో, మధ్యలో ఒక్క తెర అడ్డుగా తను పడుకోవడం ఇంకా ఇబ్బంది. ఇవి కొండలూ సరస్సుల ఫొటోలు చూపించి తీర్చేవి కావు.

తీర్చగలిగే దారి ఒకటుంది. హాలిడే పార్కుల్లో చాలావాటిలో బండ్ల స్థలం పక్కనే చిన్న కేబిన్లు ఉంటాయి, మంచం, హీటరు, కొన్నిటికి సొంత బాత్రూము. ప్రతి మకాములో మీ బండికి స్థలం, ఆవిడకూ పాపకూ ఒక కేబిన్ తీసుకోండి. పగలు బండి, రాత్రి గది. వంట ఎలాగూ ఉమ్మడి వంటింట్లోనే. అప్పుడు నాలుగు పడకల బండి కూడా సరిపోతుంది, అయిదు బెల్టు సీట్లున్నది దొరికితే. అది పొట్టిది, అద్దె కూడా తక్కువ. తగ్గిన డబ్బులో కొంత కేబిన్లకు వస్తుంది. ముందు ఈ మాట ఆవిడతో చెప్పి చూడండి. అప్పటికీ రానంటే బలవంతం చేయకండి. వస్తానంటే మాత్రం ఆ రోజే టెకాపో, టె ఆనావు కేబిన్లు బుక్ చేసేయండి, ముందుగా నిండిపోయేవి అవే.